సీబీపీ రిపోర్టు అన్నవాహిక క్యాన్సర్ ఆయుష్షు చెబుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

అన్నవాహిక క్యాన్సర్ అని తేలిన ఇళ్ళలో ఈమధ్య కొత్త లెక్క ఒకటి మొదలైంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు సీబీపీ (రక్తకణాలన్నిటినీ లెక్కపెట్టే పరీక్ష) కాగితం ముందు పెట్టుకుని, న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగించి, వచ్చిన అంకెను ఫోన్‌లో వెతుకుతున్నారు. ఆ తర్వాత ఇక నిద్ర ఉండదు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వైద్యం కోసం హైదరాబాద్, బెంగళూరు, తిరుపతి, వేలూరు తిరిగే కుటుంబాలు ఈ విషయంలో అడిగే ప్రశ్నలు ఇక్కడ చేర్చాం. ఈ లెక్క బూటకం కాదు, వెనుక నిజమైన పరిశోధన ఉంది. అయితే అది జవాబు చెప్పే ప్రశ్న ఒకటి, మీరు అడుగుతున్న ప్రశ్న ఇంకొకటి.

ఈ నిష్పత్తులు అంటే అసలు ఏమిటి?

రక్తంలోని తెల్లకణాలు ఒకే రకం కాదు. సీబీపీలో 'డిఫరెన్షియల్ కౌంట్' అని ఉన్నచోట ఐదు పేర్లు కనిపిస్తాయి: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, మోనోసైట్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్. వీటిలో మొదటి మూడింటినీ, వాటితోపాటు ప్లేట్‌లెట్లనూ తీసుకుని ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తారు.

న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చేది ఎన్‌ఎల్‌ఆర్. ప్లేట్‌లెట్లను లింఫోసైట్స్‌తో భాగిస్తే పీఎల్‌ఆర్. లింఫోసైట్స్‌ను మోనోసైట్స్‌తో భాగిస్తే ఎల్‌ఎంఆర్. మొదటి రెండూ పెరిగితే మంచిది కాదంటారు, మూడోది తగ్గితే మంచిది కాదంటారు. ప్లేట్‌లెట్లను ఎన్‌ఎల్‌ఆర్‌తో గుణిస్తే వచ్చేదాన్ని ఎస్‌ఐఐ అంటారు. దీన్ని 2014లో చైనా డాక్టర్లు కాలేయ క్యాన్సర్ రోగుల మీద మొదట వాడారు. జనం ఎక్కువగా వెతికేది ఎన్‌ఎల్‌ఆర్‌నే కాబట్టి ఈ పేజీలో 'నిష్పత్తి' అని ఉత్తగా అంటే అదే అనుకోండి.

దీనికి విడిగా పరీక్ష లేదు. మూడు నాలుగు వందల రూపాయల లోపు అయ్యే సీబీపీలోనే అన్నీ ఉంటాయి. పరిశోధకులకు ఇది ఇంతగా నచ్చడానికి అదీ ఒక కారణం. పాత రికార్డులు తీస్తే చాలు, లెక్క తయారు.

మా నాయన రిపోర్టు లాంటిది ఒకటి తీసుకుని లెక్క వేసి చూపిస్తారా?

ఒక ఊహా రిపోర్టు తీసుకుందాం. మొత్తం తెల్లకణాలు 9,800. న్యూట్రోఫిల్స్ 76 శాతం, లింఫోసైట్స్ 16, మోనోసైట్స్ 6, ఇసినోఫిల్స్ 2. ప్లేట్‌లెట్లు 3.6 లక్షలు.

76ను 16తో భాగిస్తే 4.75. శాతాలతో చేసినా, అసలు సంఖ్యలతో (7,448ని 1,568తో) చేసినా ఎన్‌ఎల్‌ఆర్ ఒకటే వస్తుంది. పీఎల్‌ఆర్‌కు మాత్రం అసలు సంఖ్యే కావాలి. 3,60,000ను 1,568తో భాగిస్తే సుమారు 230. ఇక్కడే చాలామంది తప్పుతారు. 3.6ను 16తో భాగించి ఏదో అంకె తెచ్చుకుని కంగారు పడతారు. ఎల్‌ఎంఆర్ 16ను 6తో భాగిస్తే 2.67. ఎస్‌ఐఐకి ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి, 360ను 4.75తో గుణిస్తే 1,710.

నార్మల్ ఎంత?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఎన్‌ఎల్‌ఆర్ సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ కాస్త పెరుగుతుంది. పొగ తాగేవాళ్ళలోనూ తెల్లకణాలు ఎక్కువే ఉంటాయి. పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, అదుపులో లేని షుగర్, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన అలసట, ఇవన్నీ అంకెను కదిలించగలవు. 3 దాటిందంటే శరీరం మీద ఏదో ఒత్తిడి ఉందని మాత్రమే అర్థం. ఆ ఒత్తిడి క్యాన్సర్‌దా, పంటిదా అన్నది అంకెకు తెలియదు.

రక్తంలోని తెల్లకణాలకూ అన్నవాహికలోని గడ్డకూ ఏమిటి సంబంధం?

క్యాన్సర్ గడ్డ ఉన్నచోట ఎప్పుడూ ఎంతోకొంత వాపు ఉంటుంది. ఈ సంబంధాన్ని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించాడు. గడ్డల్లోపల తెల్లకణాలు గుంపుగా చేరి ఉండటం ఆయనకు మైక్రోస్కోపులో కనిపించింది.

తర్వాతి పరిశోధనల్లో తెలిసింది ఇది. గడ్డ, దాని చుట్టూ ఉన్న కణజాలం కలిసి కొన్ని రసాయన సంకేతాలు విడుదల చేస్తాయి. ఐఎల్-6, జీ-సీఎస్‌ఎఫ్ లాంటివి. అవి ఎముక మజ్జకు చేరి న్యూట్రోఫిల్స్‌ను, ప్లేట్‌లెట్లను ఎక్కువగా తయారుచేయిస్తాయి. న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాను చంపడానికి పుట్టినవే అయినా, గడ్డ దగ్గరికి చేరాక కొన్నిసార్లు దానికే ఉపయోగపడతాయి. కొత్త రక్తనాళాలు పెరిగేలా చేసే పదార్థాలు వదులుతాయి, చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములు వదులుతాయి, రోగనిరోధక సైన్యంలోని టీ-కణాల పనికి అడ్డుపడతాయి. రక్తంలోకి జారిన క్యాన్సర్ కణాలకు ప్లేట్‌లెట్లు అతుక్కుని, వాటిని ఎన్‌కే కణాల (క్యాన్సర్ కణాలను చంపే ఒక రకం రోగనిరోధక కణాలు) కంట పడకుండా దాస్తాయి. మోనోసైట్లు గడ్డలోకి వెళ్ళి మాక్రోఫేజ్‌లు అనే మింగుడు కణాలుగా మారి, చాలాసార్లు గడ్డ వైపే పనిచేస్తాయి.

లింఫోసైట్స్ కథ వేరు. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపగలిగే సీడీ8 టీ-కణాలు వాటిలోవే. తిండి సరిగా అందకపోయినా, దీర్ఘకాలం వాపు ఉన్నా, శరీరంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగినా అవి తగ్గుతాయి.

అంటే పైన ఉన్న అంకె వాపును చెబుతుంది, కింద ఉన్న అంకె రోగనిరోధక శక్తితోపాటు ఎంతో కొంత పోషణను కూడా చెబుతుంది. అన్నవాహిక క్యాన్సర్‌లో ఈ రెండో సంగతి బాగా ముఖ్యం. ఎందుకంటే ఈ జబ్బులో ముందుగా దెబ్బతినేది మింగడమే. నిష్పత్తి పెరగడంలో గడ్డ వాటా ఎంత, నెలల తరబడి కడుపు నిండకపోవడం వాటా ఎంత అన్నది విడదీయడం సులభం కాదు. పరిశోధన పత్రాల్లో ఈ మాటకు దక్కాల్సినంత చోటు దక్కలేదని మా అభిప్రాయం.

దీన్ని క్యాన్సర్ కోసమే కనిపెట్టారా?

కాదు. ఎన్‌ఎల్‌ఆర్‌ను 2001లో స్లొవేకియా వైద్యుడు జహోరెక్ ఐసీయూ రోగుల్లో శరీరం ఎంత ఒత్తిడిలో ఉందో తెలుసుకునేందుకు ప్రతిపాదించాడు. క్యాన్సర్ వైద్యులు దాన్ని తర్వాత అందుకున్నారు.

నిష్పత్తి ఎక్కువ ఉంటే ఆయుష్షు తక్కువ అని పరిశోధనలే చెబుతున్నాయి కదా?

చెబుతున్నాయి. 2014లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో రకరకాల గడ్డ క్యాన్సర్ల మీద జరిగిన 100 అధ్యయనాలు, 40,559 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువ ఉన్నవాళ్ళలో మరణానికి హజార్డ్ రేషియో (ఏ సమయంలో చూసినా ఒక గుంపులో ప్రమాదం ఇంకో గుంపుకన్నా ఎన్ని రెట్లు అన్న లెక్క) 1.81గా తేలింది. అన్నవాహిక క్యాన్సర్ ఒక్కదాన్నే తీసుకున్న విశ్లేషణల్లో అది 1.4, 1.5 దరిదాపుల్లో ఉంటుంది. పీఎల్‌ఆర్ కూడా ఇంచుమించు అదే దిశలో చెబుతుంది.

ఇప్పుడు ఆ 1.5 అంటే ఏమిటో చూద్దాం. టెన్షన్ అంతా అక్కడి నుంచే పుడుతోంది. హజార్డ్ రేషియో 1.5 అంటే వందలో యాభై మంది అదనంగా చనిపోతారని కాదు, ఆయుష్షు సగం తగ్గిందని అంతకన్నా కాదు. లెక్క కోసం ఇలా అనుకోండి. నిష్పత్తి తక్కువ ఉన్న వంద మందిలో మూడేళ్ళ తర్వాత 60 మంది బతికి ఉన్నారు. హజార్డ్ రేషియో 1.5 అయితే నిష్పత్తి ఎక్కువ ఉన్న వంద మందిలో మూడేళ్ళకు సుమారు 46 మంది బతికి ఉంటారు. తేడా ఉంది, అది చిన్నది కాదు. కానీ ఇంకోవైపు నుంచి చూడండి. 'చెడ్డ' అంకె ఉన్నవాళ్ళలో 46 మంది మూడేళ్ళు దాటారు, 'మంచి' అంకె ఉన్నవాళ్ళలో 40 మంది దాటలేదు. మీ నాయన ఆ 46లో ఉంటారా, మిగిలిన 54లో ఉంటారా అని నిష్పత్తిని అడిగితే దాని దగ్గర జవాబు లేదు.

అనంతపురం జిల్లాలో వాన తక్కువ అని చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. మీ చేనులో ఏ రోజు పదును అవుతుందో చెప్పడం చేతకాదు. ఈ నిష్పత్తి చెప్పేది మొదటి రకం మాట.

ఒకచోట 2.5 దాటితే ప్రమాదం అంటున్నారు, ఇంకోచోట 5 అంటున్నారు. ఏది నమ్మాలి?

రెండూ ఆయా అధ్యయనాలకే చెల్లుతాయి. హద్దు ఎక్కడ పెట్టాలన్నది ముందే నిర్ణయించి మొదలుపెట్టిన అధ్యయనాలు తక్కువ. చాలావాటిలో రోగుల వివరాలన్నీ చేతికొచ్చాక, ఏ అంకె దగ్గర గీత గీస్తే రెండు గుంపుల మధ్య తేడా బాగా కనిపిస్తుందో కంప్యూటర్‌తో వెతికి అక్కడ గీస్తారు. ఆ గీత వాళ్ళ రోగులకు చక్కగా సరిపోతుంది, వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే జరిగిపోతుంది. హద్దులు 2 లోపు నుంచి 5 దాకా ఉండటం వెనుక కథ ఇదే.

ఇంకా ఉంది. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం చైనా, జపాన్‌లవి, అందులోనూ పాత రికార్డులు తిరగేసి చేసినవి. తేడా కనిపించిన పత్రాలు అచ్చవుతాయి, కనిపించనివి సొరుగులోనే ఉండిపోతాయి. కాబట్టి అచ్చయిన అంకెల్లో కొంత అతిశయం ఉంటుందని ముందే అనుకుని చదవాలి. మనవైపు ఒక మేలు మాత్రం ఉంది. భారతదేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం స్క్వామస్ రకమే (లోపలి పొరలోని చదును కణాల్లో పుట్టేది), చైనా, జపాన్‌లలో కూడా అంతే. అమెరికా, ఐరోపా దేశాల్లో ఎక్కువగా కనిపించే అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే రకం) మీది లెక్కలకన్నా అవే మనకు కొంత దగ్గర.

డాక్టర్ ఈ నిష్పత్తి చూసి స్టేజీ చెబుతారా?

చెప్పరు. గడ్డ గోడలో ఎంత లోతుకు దిగింది, లింఫ్ గ్రంథులకు పాకిందా, దూరంగా ఉన్న అవయవాలకు చేరిందా, ఈ మూడే స్టేజీ. దానికి ఎండోస్కోపీ, ముక్క పరీక్ష, సీటీ, వీలైతే పెట్-సీటీ కావాలి. ప్రపంచమంతా వాడే స్టేజింగ్ పద్ధతిలో ఎన్‌ఎల్‌ఆర్‌కు చోటు లేదు.

మీ డాక్టర్ ఎన్‌ఎల్‌ఆర్ గురించి ఒక్క మాట కూడా మాట్లాడకపోతే పాతకాలం మనిషి అనుకోకండి. వైద్యం ఏది ఎంచుకోవాలన్నది అది మార్చదు. వైద్యం మార్చే తేడా ఎంతో చూడాలంటే నెదర్లాండ్స్‌లో 366 మంది మీద జరిగి 2012లో వచ్చిన క్రాస్ ట్రయల్ చూడండి. నేరుగా ఆపరేషన్ చేయించుకున్న గుంపులో సగం మంది 24 నెలలు దాటారు. ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసిన గుంపులో సగం మంది 49 నెలలు దాటారు. స్క్వామస్ రకంలో తేడా ఇంకా ఎక్కువ. ఇంటర్నెట్‌లో గడిపే రాత్రుల్లో ఒకటి ఈ ప్రశ్నకు ఖర్చు పెట్టండి: మా వాళ్ళకు ఈ పద్ధతి పనికొస్తుందా, పనికిరాకపోతే ఎందుకు?

పది రోజుల కింద 4.75 ఉన్నది ఇప్పుడు 11 అయింది. జబ్బు ముదిరిందా?

ముందు ఆ పది రోజుల్లో ఏం జరిగిందో చూడాలి. పాక్లిటాక్సెల్ లాంటి కీమో ఎక్కించే ముందు రియాక్షన్ రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. అది స్టెరాయిడ్. రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను అది రక్తంలోకి వదిలిస్తుంది, లింఫోసైట్స్‌ను రక్తం నుంచి బయటికి పంపుతుంది. మర్నాడు సీబీపీ తీస్తే న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్స్ 8 అని రావచ్చు. 88ను 8తో భాగిస్తే 11. గడ్డ మాత్రం నిన్న ఉన్నంతే ఉంది.

కీమో తర్వాత తెల్లకణాలు పెరగడానికి పొట్ట మీద చేసే ఇంజెక్షన్ కూడా ఇంతే. అది చేసిన రెండు మూడు రోజులకు న్యూట్రోఫిల్స్ ముప్పై నలభై వేలకు వెళ్ళినా ఆశ్చర్యం లేదు. స్టెంట్ వేశాక, ట్యూబు పెట్టాక, ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు పెరుగుతుంది. తాగింది కాస్త ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వచ్చినా పెరుగుతుంది. అన్నవాహిక రోగుల్లో ఇది తరచుగా జరిగేదే కాబట్టి నిష్పత్తి ఉన్నట్టుండి పెరిగి, దగ్గు, జ్వరం, ఆయాసం కూడా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సింది ఆయుష్షు అడగడానికి కాదు, ఛాతీ చూపించడానికి.

ఎదురు దిశలో కూడా జరుగుతుంది. వానాకాలంలో డెంగీ వస్తే న్యూట్రోఫిల్స్ పడిపోయి, లింఫోసైట్స్ శాతం పెరిగి నిష్పత్తి 'బాగుపడుతుంది'.

పరిశోధనల్లో వాడేది వైద్యం మొదలుకాకముందు, జ్వరం, ఇన్ఫెక్షన్ లేనప్పుడు తీసిన రక్తం. మీ దగ్గర అలాంటి రిపోర్టు లేకపోతే పోల్చడానికి మీ దగ్గర ఏమీ లేనట్టే.

కరెంటు పెట్టడం మొదలయ్యాక లింఫోసైట్స్ బాగా పడిపోయాయి. రేడియేషన్ ఆపించాలా?

వద్దు. రేడియేషన్‌కు అన్నిటికంటే త్వరగా చనిపోయే కణాల్లో లింఫోసైట్స్ ఒకటి. అన్నవాహిక గుండెకు వెనుక, పెద్ద రక్తనాళాలకు పక్కన, వెన్నెముకకు ముందు ఉంటుంది. కిరణాలు గడ్డ మీద పడుతున్నప్పుడు ఆ రక్తనాళాల్లో ప్రవహించే రక్తం మీద, వెన్నుపూసల్లోని మజ్జ మీద కూడా కొంత పడతాయి. ఐదారు వారాలు అలా జరిగితే లింఫోసైట్స్ పడిపోవడం మామూలే. కొందరిలో 200 కంటే కిందికి కూడా పోతాయి. అంత దిగినవాళ్ళలో ఫలితాలు కొంత తక్కువగా ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి డాక్టర్లు దీన్ని గమనిస్తూ ఉంటారు. కానీ దానికని రేడియేషన్‌ను మధ్యలో ఆపితే నష్టం అంతకన్నా పెద్దది. ఈ వారాల్లో ఎన్‌ఎల్‌ఆర్ లెక్క వేయడం మానేయండి, అర్థమయ్యేది ఏమీ ఉండదు.

ఇమ్యునోథెరపీ పనిచేస్తుందో లేదో ఈ నిష్పత్తి చెబుతుందా?

ఒంట్లోని రోగనిరోధక కణాలనే క్యాన్సర్ మీదికి పంపే మందులే ఇమ్యునోథెరపీ. ఇక్కడ రెండు మాటలు కలగాపులగం అవుతున్నాయి. ఒకటి, ఏ వైద్యం చేసినా జబ్బు ఎలా నడుస్తుందో చెప్పే సూచన. రెండోది, ఫలానా మందు ఫలానా మనిషికి పనిచేస్తుందా అని చెప్పే సూచన. ఎన్‌ఎల్‌ఆర్ మొదటి రకానికి చెందింది. ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్ళలో నిష్పత్తి ఎక్కువ ఉంటే ఫలితాలు కొంత తక్కువగా ఉన్నాయి, నిజమే. కీమో తీసుకున్నవాళ్ళలోనూ అంతే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలోనూ అంతే. 'మీ ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువ, మీకు ఇమ్యునోథెరపీ వద్దు' అని ఎవరైనా అంటే దానికి ఆధారం లేదు. 'ఎక్కువ ఉంది కాబట్టి తప్పకుండా తీసుకోవాలి' అన్నా అంతే.

మందు ఎంపికకు చూసేది గడ్డ నుంచి తీసిన ముక్కలో పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ ఎంత ఉందన్నది. దాన్ని సీపీఎస్ అనే స్కోరుగా రాస్తారు. కీమో, రేడియేషన్, ఆపరేషన్ మూడూ అయ్యాక కూడా తీసిన భాగంలో క్యాన్సర్ మిగిలి ఉన్నవాళ్ళకు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చిన ట్రయల్ 2021లో వచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా గడిచిన మధ్యస్థ కాలం మందు తీసుకున్నవాళ్ళలో 22.4 నెలలు, తీసుకోనివాళ్ళలో 11 నెలలు. మందు ఖరీదు మాత్రం గుండెలు అదిరేలా ఉంటుంది, మొదలుపెట్టే ముందు మొత్తం ఎన్ని డోసులు, ఎన్నాళ్ళు అన్నది అడిగి కాగితం మీద రాయించుకోండి.

గడ్డ లోపల ఉన్న రోగనిరోధక కణాల నిష్పత్తి అని ఇంకొకటి ఉంది. ముక్కను రంగులేసి చూసి, క్యాన్సర్‌ను చంపే సీడీ8 కణాలెన్ని, వాటిని ఆపే ఫాక్స్‌పీ3 కణాలెన్ని అని లెక్కపెడతారు. సూత్రప్రాయంగా రక్తంలోని లెక్క కంటే ఇది జబ్బుకు దగ్గరగా ఉంటుంది. అన్నవాహిక విషయంలో ఇంకా పరిశోధనశాల దాటి రోజువారీ వైద్యంలోకి రాలేదు.

నిష్పత్తి తగ్గడానికి ఏం వాడాలి? తిప్పతీగ రసం మంచిదంటున్నారు.

అంకె తగ్గించడం కోసం ఏదీ వాడకండి. అంకె తగ్గితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ నిరూపించలేదు. తిప్పతీగ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులను కరోనా కాలంలో మన దేశంలోని డాక్టర్లే నమోదు చేశారు. కీమో మీద ఉన్న మనిషికి కాలేయం దెబ్బతింటే కీమో వాయిదా పడుతుంది. బొప్పాయి ఆకు రసం, గోధుమగడ్డి రసం కూడా అడగకుండా వద్దు. సొంతంగా ఆస్పిరిన్ అసలు వద్దు, పుండులాంటి గడ్డ నుంచి రక్తం కారవచ్చు.

మరి మన చేతిలో ఉన్నది ఏమీ లేదా?

ఉంది, తిండి. నిష్పత్తిని కదిలించే వాటిలో ఇంటివాళ్ళు నిజంగా బాగుచేయగలిగింది ఇదొక్కటే.

మనవైపు ఈ జబ్బు ఎలా బయటపడుతుందో గుర్తు తెచ్చుకోండి. రాగి సంగటిని మనం నమలం, ముద్ద చేసి మింగుతాం. ఒకరోజు ఆ ముద్ద రొమ్ములో అడ్డం పడినట్టవుతుంది. జొన్నరొట్టె మానేసి అన్నంలోకి, అన్నం మానేసి చారులో పిసికిన మెతుకుల్లోకి, చివరికి పాలు, కాఫీల్లోకి దిగుతారు. డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఈ మార్పుకు నెలలు పడుతుంది, మనిషి పది కిలోలు తగ్గి ఉంటాడు. ఆ నెలల్లో కడుపు నిండకపోవడమే లింఫోసైట్స్‌ను, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను కిందికి లాగుతుంది. అందుకే కొందరు డాక్టర్లు ఎన్‌ఎల్‌ఆర్ కంటే పీఎన్‌ఐ అనే లెక్కను ఇష్టపడతారు. ఆల్బుమిన్‌ను పదితో గుణించి, దానికి లింఫోసైట్ల సంఖ్యలో వెయ్యికి ఐదు వంతులు కలుపుతారు. పై ఉదాహరణలో ఆల్బుమిన్ 3.4 అయితే 34కు 7.84 కలిపి సుమారు 42. దీన్ని ఆపరేషన్లకు ముందు వాడటం జపాన్‌లో 1980లలోనే మొదలైంది.

చేయాల్సింది: బరువు వారానికోసారి ఒకే త్రాసు మీద చూసి రాసుకోండి. ఆరు నెలల్లో పదో వంతు తగ్గితే అది డాక్టర్‌కు చెప్పాల్సిన మొదటి మాట. మింగగలిగినన్నాళ్ళు పలచని రాగి జావలో పాలు, మెత్తగా నూరిన వేరుశనగ, నెయ్యి కలిపి రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. చిక్కటి పప్పుకట్టు, బాగా ఉడికించి గిలకొట్టిన గుడ్డు, పెరుగు, మెత్తగా మిక్సీ పట్టిన కిచిడీ కూడా. ఉత్త గంజి, గ్లూకోజ్ నీళ్ళు, కొబ్బరినీళ్ళతో బలం రాదు, వీటిలో మాంసకృత్తులు దాదాపు లేవు. షుగర్ ఉన్నవాళ్ళకు తిండి ఎలా మార్చాలో డైటీషియన్‌ను అడగండి. కూర్చోబెట్టే తాగించండి, తాగాక అరగంట పడుకోనివ్వకండి.

ముక్కులో పైపు అన్నా, పొట్టకు ట్యూబు అన్నా ఇంట్లో పెద్దవాళ్ళు ఏడుస్తారు, 'చివరి ఘడియ వచ్చింది' అనుకుంటారు. అది పొరపాటు. కీమో, రేడియేషన్ పూర్తిగా తట్టుకునే బలం కోసం పెట్టేది ఆ ట్యూబు, జబ్బు తగ్గి మింగడం వచ్చాక చాలామందికి తీసేస్తారు.

ముందుగానే క్యాన్సర్ కనిపెట్టడానికి ఏటా సీబీపీ చేయించుకుంటే సరిపోతుందా?

సరిపోదు. తొలిదశలో సీబీపీ పూర్తిగా నార్మల్‌గా ఉండొచ్చు. నలభై దాటినవాళ్ళకు ముద్ద దిగడం కష్టమై రెండు మూడు వారాలు తగ్గకపోతే కావాల్సింది ఎండోస్కోపీ. గ్యాస్ మాత్రలతో నెలలు గడపకండి.

ఇప్పుడు బీడీ, వక్కాకు మానితే ఏం లాభం? జరగాల్సింది జరిగిపోయింది కదా అంటున్నాడు మా మామ.

లాభం ఉంది. మానేస్తే ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల సమస్యలు తగ్గుతాయి, రేడియేషన్ పుండ్లు త్వరగా మానతాయి. పొగాకు, వక్క, సారా మూడూ ఈ జబ్బుకు కారణాలే, పొగాకుకు సారా తోడైతే ప్రమాదం కూడిక కాదు, గుణింతం. బీడీ మానేసి కడ్డిపుడి (నమిలే పొగాకు)లోకి దిగడం మానడం కింద రాదు. పొగలు కక్కే టీ, కాఫీలు కూడా చల్లారనిచ్చి తాగాలి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది.

ఈ అంకె గురించి నాయనకు చెప్పాలా?

జబ్బు సంగతి ఆయనకు తెలియాలి, అది ఆయన హక్కు. నిష్పత్తి సంగతి చెప్పాల్సిన పని లేదు. చెబితే ఆయన వినేది 'ఎన్నాళ్ళు' అన్నది ఒక్కటే, దానికి ఈ అంకె దగ్గర జవాబు లేదని పైన చూశాం. ఆయనే సూటిగా అడిగితే డాక్టర్‌తో కూర్చోబెట్టి స్టేజీ, వైద్యం, దాని ఫలితం గురించి మాట్లాడించండి. చిన్నాయన కొడుకు వాట్సాప్‌లో పంపిన లింకు ఆధారంగా కాదు.

ఒక్కో ఊర్లో ఒక్కో ల్యాబ్‌లో చేయించాం. పోల్చుకోవచ్చా?

పెద్ద తేడాలు పోల్చుకోవచ్చు, చిన్న తేడాలు వద్దు. మెషిన్లు వేరు. ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుపోయి ఉంటే మెషిన్ తక్కువ చూపిస్తుంది, అలాంటప్పుడు స్లైడ్ చూసి రాయమని అడగాలి. కర్నూలు పెద్దాసుపత్రి నుంచి హైదరాబాద్‌కో, అనంతపురం నుంచి బెంగళూరుకో, కడప నుంచి తిరుపతికో వెళ్ళేటప్పుడు మొదటి సీబీపీ, ఎండోస్కోపీ రిపోర్టు, ముక్క పరీక్ష రిపోర్టుతోపాటు దాని బ్లాకులు (మైనంలో భద్రపరచిన ముక్కలు), సీటీ సీడీ ఒకే ఫైల్లో తేదీల వారీగా పెట్టండి. ప్రతి సీబీపీ మీద ఆరోజు జ్వరం ఉందా, స్టెరాయిడ్ ఇచ్చారా, ఇంజెక్షన్ చేశారా అని పెన్నుతో రాయండి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు, ఆధార్ జిరాక్సులు విడిగా ఉంచండి.

కీమో అయ్యాక నిష్పత్తి ఒకటి కంటే తక్కువకు వచ్చింది. సంతోషించవచ్చా?

ఆగండి. నిష్పత్తి పక్కన పెట్టి న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్య చూడండి. న్యూట్రోఫిల్స్ 400, లింఫోసైట్స్ 600 ఉంటే నిష్పత్తి 0.67, కాగితం మీద ఎంతో అందంగా ఉంటుంది. కానీ న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గిన మనిషికి చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. కీమో ఇచ్చిన వారం నుంచి రెండు వారాల మధ్య ఇది ఎక్కువగా జరుగుతుంది. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటినా, వణుకు వచ్చినా పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకండి, కీమో ఇచ్చిన డాక్టర్ బెంగళూరులో ఉన్నాడని పొద్దున బస్సు కోసం ఆగకండి. ఆ రాత్రే దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి, 'కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది' అని క్యాజువాలిటీలో మొదటి మాటగా చెప్పండి. యాంటీబయోటిక్ నరానికి ఎక్కడం మొదలయ్యాక దారిలో నుంచైనా, అక్కడి నుంచైనా మీ డాక్టర్‌కు ఫోన్ చేయవచ్చు.